ఇంట్లో కంప్యూటర్లకు మారని ఐపీ అడ్రస్ ఇవ్వడం ఎలా?

నిన్నటి దాకా చక్కగా పనిచేసిన ప్రింటర్ ఈరోజు ఉన్నట్టుండి 'ఆఫ్‌లైన్' అంటుంది. పాత కంప్యూటర్‌లో దాచుకున్న ఫొటోల ఫోల్డర్ మరో కంప్యూటర్‌కు కనబడదు. కెమెరా రికార్డర్‌ను ఫోన్‌లో తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఏ పరికరమూ పాడవలేదు, వైఫై కూడా బాగానే ఉంది. ఇలాంటప్పుడు ముందుగా అనుమానించాల్సింది ఐపీ అడ్రస్‌ను, అంటే నెట్‌వర్క్‌లో ఆ పరికరాన్ని గుర్తించే నంబర్‌ను. ఆ పరికరం అడ్రస్ మారిపోయింది, మిగతావి మాత్రం పాత అడ్రస్‌లోనే వెతుకుతున్నాయి.

అడ్రస్ మారకుండా చేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఏ పరికరానికి ఏ అడ్రస్ ఇవ్వాలో రూటర్‌కే చెప్పి పెట్టడం. రెండోది, ఆ పరికరంలోనే అడ్రస్‌ను చేత్తో రాయడం. నా సలహా ముందే చెప్పేస్తాను: రూటర్‌లో కుదిరితే రూటర్‌లోనే చేయండి. ఎక్కడ చూసినా ముందుగా కనిపించేది రెండో పద్ధతే. కానీ ఆరు నెలల తర్వాత ఏ పరికరానికి ఏం రాశామో గుర్తులేక తల పట్టుకునేది కూడా ఆ పద్ధతి ఎంచుకున్నవాళ్లే.

అసలు అడ్రస్ ఎందుకు మారుతుంది?

ఒక కంప్యూటర్ మీ నెట్‌వర్క్‌లోకి రాగానే 'నాకో అడ్రస్ కావాలి' అని అందరికీ వినబడేలా అడుగుతుంది. రూటర్‌లో ఉండి అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ తన దగ్గరున్న ఖాళీ అడ్రస్‌లలో ఒకటి చూపిస్తుంది. కంప్యూటర్ సరేనంటుంది, రూటర్ ఖాయం చేస్తుంది. ఈ అడ్రస్ శాశ్వతం కాదు, గడువుతో ఇచ్చేది. ఈ గడువునే లీజ్ అంటారు. కొన్ని రూటర్లలో అది కొన్ని గంటలు, కొన్నింటిలో ఒక రోజు, ఇంకొన్నింటిలో అంతకన్నా ఎక్కువ.

లీజ్ సగం గడవగానే కంప్యూటర్ పొడిగింపు అడుగుతుంది, రూటర్ సాధారణంగా ఇచ్చేస్తుంది. అందుకే ఎప్పుడూ ఆన్‌లో ఉండే పరికరం అడ్రస్ నెలల తరబడి మారదు. దాంతో అది స్థిరమైనదే అనుకుంటాం. గడువు దాటేదాకా పరికరం ఆఫ్‌లో ఉన్నా, కరెంటు పోయి వచ్చాక రూటర్ తన లీజ్ జాబితాను మర్చిపోయినా అసలు సంగతి బయటపడుతుంది. మీ ప్రింటర్ అడ్రస్‌ను ఈలోపు ఎవరి ఫోనో తీసేసుకుని ఉంటుంది.

ఏ పరికరాలకు కావాలి?

మిగతా పరికరాలు వెతుక్కుంటూ వచ్చే వాటికి మాత్రమే. ప్రింటర్, ఫైళ్లు దాచే ఎన్ఏఎస్, కెమెరా రికార్డర్, దూరం నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో తెరిచే కంప్యూటర్, రాస్‌బెర్రీ పై లాంటి చిన్న సర్వర్, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను రూటర్ ఒక పరికరానికి మళ్లించడం) పెట్టుకున్న గేమింగ్ పీసీ. ఫోన్లు, టాబ్లెట్లు, చుట్టాల ల్యాప్‌టాప్‌లు బయటికి వెళ్లి తెచ్చుకునేవే తప్ప వాటి కోసం ఎవరూ వెతకరు. వాటిని అలాగే వదిలేయండి. ఇంట్లో ప్రతిదానికీ నంబర్ ఖాయం చేయాలని కూర్చుంటే పని పెరగడం తప్ప లాభం లేదు. ఇంటర్నెట్ స్పీడ్ కూడా దీనివల్ల ఏమీ పెరగదు.

మొదలుపెట్టే ముందు రాసుకోవాల్సినవి

కాగితమైనా సరే, ఫోన్‌లో నోట్ అయినా సరే. నాలుగు వివరాలు కావాలి: రూటర్ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్ (అడ్రస్‌లో ఏ భాగం అన్ని పరికరాలకూ ఒకటేనో చెప్పేది), రూటర్ పంచుతున్న అడ్రస్‌ల పరిధి, ఒక్కో పరికరం మ్యాక్ అడ్రస్.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ఐపీకాన్ఫిగ్ /ఆల్' (ipconfig /all) కమాండ్ ఇస్తే పెద్ద జాబితా వస్తుంది. ప్రస్తుతం కనెక్ట్ అయిన అడాప్టర్ దగ్గర చూడండి. 'డీఫాల్ట్ గేట్‌వే' అని ఉన్నదే రూటర్ అడ్రస్. 'సబ్‌నెట్ మాస్క్' దాదాపు ప్రతి ఇంట్లో 255.255.255.0 ఉంటుంది. 'ఫిజికల్ అడ్రస్' అని ఉన్నది మ్యాక్ అడ్రస్. ఆపిల్ మ్యాక్ కంప్యూటర్‌లో ఇవే వివరాలు సిస్టమ్ సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ పేజీలో, వాడుతున్న కనెక్షన్ పక్కన 'డీటెయిల్స్' నొక్కితే దొరుకుతాయి. లినక్స్‌లో 'ఐపీ అడ్రస్' (ip address) అనే కమాండ్ చాలు, గేట్‌వే కోసం 'ఐపీ రూట్' (ip route). ప్రింటర్ అయితే దాని మెనూలోంచి నెట్‌వర్క్ వివరాల పేజీని ప్రింట్ తీయండి, అన్నీ అందులోనే ఉంటాయి.

మ్యాక్ అడ్రస్ అంటే నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే ఇచ్చిన గుర్తింపు. రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలుగా రాస్తారు. ఒక ల్యాప్‌టాప్‌కు వైఫైకి ఒకటి, కేబుల్‌కు ఇంకొకటి, ఇలా రెండు వేర్వేరు మ్యాక్ అడ్రస్‌లు ఉంటాయి. వైఫైది నమోదు చేసి కేబుల్ గుచ్చితే రూటర్‌కు అది కొత్త పరికరమే. 'రిజర్వేషన్ పెట్టినా పనిచేయట్లేదు' అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తేలిపోతాయి.

అడ్రస్‌లను ముందే పంచుకోండి

ఇళ్లలో వాడే అడ్రస్‌లు మనం కొనుక్కునేవి కావు. ప్రైవేట్ నెట్‌వర్క్‌ల కోసమే 1996లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం మూడు గుంపులను కేటాయించింది: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి. ఇళ్లలోని రూటర్లు ఎక్కువగా మూడో గుంపును వాడతాయి.

మీ రూటర్ 192.168.1.1 అనీ, మాస్క్ 255.255.255.0 అనీ అనుకుందాం. అప్పుడు మొదటి మూడు అంకెలు అన్ని పరికరాలకూ ఒకటే, చివరిది మాత్రమే మారుతుంది. ఆ చివరి అంకెలో 0 నెట్‌వర్క్‌కు, 255 అందరికీ ఒకేసారి పంపే సందేశాలకు పోతాయి. మిగిలినవి 254, అందులో ఒకటి రూటర్‌ది. ఇంటికి ఇవి చాలా ఎక్కువ కాబట్టి పొదుపు చేయాల్సిన పనిలేదు.

నేనైతే ఇలా పంచుతాను: 2 నుంచి 99 దాకా నేను ఖాయం చేసే పరికరాలకు, 100 నుంచి 199 దాకా రూటర్ తనకు తోచినట్టు పంచుకోవడానికి, ఆపైవి ఖాళీ. ప్రింటర్లకు 20తో మొదలుపెట్టి, స్టోరేజ్‌కు 30తో, కెమెరాలకు 40తో అని ఒక వరస పెట్టుకుంటే అడ్రస్ చూడగానే ఏ పరికరమో తెలిసిపోతుంది.

చాలా రూటర్లు వచ్చేటప్పుడే 2 నుంచి 254 దాకా మొత్తాన్నీ పంచేలా సెట్ అయి ఉంటాయి. రూటర్ డీహెచ్‌సీపీ పేజీలో (అక్కడికి ఎలా వెళ్లాలో కింద ఉంది) 'స్టార్ట్ ఐపీ', 'ఎండ్ ఐపీ' అని కనబడే చోట 100, 199 పెట్టి సేవ్ చేయండి. ఈ పరిధినే పూల్ అంటారు. పరికరంలో చేత్తో రాసే అడ్రస్ ఎప్పుడూ పూల్‌కు బయటిదే అయ్యుండాలి, దీనికి మినహాయింపు లేదు. లోపలిది రాస్తే, ఆ పరికరం ఆఫ్‌లో ఉన్నప్పుడు రూటర్ అదే అడ్రస్‌ను ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

ఇంటి నుంచి ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి వెళ్లడానికి వీపీఎన్ వాడేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. ఆఫీస్ నెట్‌వర్క్ కూడా 192.168.1 వరసలోనే ఉంటే ఆ అడ్రస్ ఇంట్లోదా ఆఫీస్‌దా అని కంప్యూటర్ తికమక పడుతుంది. అలాంటి ఇబ్బంది ఉంటే రూటర్ అడ్రస్‌ను 192.168.57.1 లాంటి అంతగా వాడని వరసకు మార్చుకోవడం మేలు. ఆ మార్పు ఇప్పుడే చేయండి, అన్నీ ఖాయం చేశాక మారిస్తే మళ్లీ మొదటికి రావాలి.

మొదటి దారి: రూటర్‌లో రిజర్వేషన్

ఇందులో పరికరాన్ని ముట్టుకోనే అక్కర్లేదు. అది ఎప్పటిలాగే అడ్రస్ అడుగుతుంది. రూటర్ మాత్రం దాని మ్యాక్ అడ్రస్‌ను గుర్తుపట్టి ప్రతిసారీ అదే అడ్రస్ ఇస్తుంది. సీటు మీద ముందే కర్చీఫ్ వేసి ఉంచడమన్నమాట.

1. బ్రౌజర్‌లో రూటర్ అడ్రస్ కొట్టి లాగిన్ అవ్వండి. ఇక్కడ అడిగేది వైఫై పాస్‌వర్డ్ కాదు, రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్. మీరెప్పుడూ మార్చకపోతే రూటర్ కింద స్టిక్కర్ మీద ఉండొచ్చు. లోపలికి వెళ్లారు కాబట్టి పనిలో పనిగా దాన్ని మార్చేయండి.

2. డీహెచ్‌సీపీ పేజీ వెతకండి. ఇది ఎక్కువగా 'ల్యాన్' లేదా 'నెట్‌వర్క్' మెనూ కింద, 'అడ్వాన్స్‌డ్' విభాగంలో ఉంటుంది. రిజర్వేషన్‌కు ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. టీపీ-లింక్, నెట్‌గేర్ రూటర్లలో 'అడ్రస్ రిజర్వేషన్' అని, ఆసుస్‌లో 'మాన్యువల్ అసైన్‌మెంట్' అని, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో 'స్టాటిక్ లీజెస్' అని కనబడుతుంది. మైక్రోటిక్‌లో లీజ్ జాబితాలో పరికరాన్ని ఎంచుకుని 'మేక్ స్టాటిక్' అంటే చాలు. మెష్ వైఫై సిస్టమ్స్‌లో చాలావాటికి ఇదంతా ఫోన్ యాప్‌లోనే ఉంటుంది.

3. ప్రస్తుతం కనెక్ట్ అయిన పరికరాల జాబితాలోంచి మీ పరికరాన్ని ఎంచుకోండి. మ్యాక్ అడ్రస్‌ను చేత్తో కొడితే ఒక్క అక్షరం తప్పినా పనిచేయదు, జాబితాలోంచి తీసుకుంటే ఆ బెంగ ఉండదు. జాబితాలో పేరు లేకుండా 'అన్‌నోన్' అని ఉంటే మీరు రాసుకున్న మ్యాక్‌తో పోల్చి చూడండి.

4. మీరు అనుకున్న అడ్రస్ ఇచ్చి, అర్థమయ్యే పేరు పెట్టి సేవ్ చేయండి. కొన్ని రూటర్లు పూల్ లోపలి అడ్రస్‌నే ఒప్పుకుంటాయి, కొన్ని బయటిదైనా తీసుకుంటాయి. మీది ఎర్రర్ చూపిస్తే పూల్ లోపలిదే ఇవ్వండి. రిజర్వేషన్ చేసిన అడ్రస్‌ను రూటర్ ఇంకెవరికీ ఇవ్వదు కాబట్టి ఇక్కడ లోపలిదైనా ప్రమాదం లేదు.

5. పరికరాన్ని ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి, లేదా దాని వైఫైని ఆపి మళ్లీ కలపండి. అప్పటిదాకా అది పాత లీజ్ మీదే నడుస్తుంటుంది. విండోస్‌లో అయితే 'ఐపీకాన్ఫిగ్ /రిలీజ్' (ipconfig /release), ఆ తర్వాత 'ఐపీకాన్ఫిగ్ /రెన్యూ' (ipconfig /renew) ఇచ్చినా సరిపోతుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో కూర్చుని మాత్రం రిలీజ్ ఇవ్వకండి. మొదటి కమాండ్‌తోనే కనెక్షన్ తెగిపోతుంది, రెండోది ఇవ్వడానికి లేచి ఆ కంప్యూటర్ దాకా నడవాల్సిందే.

అప్పటికీ పాత అడ్రస్సే వస్తుంటే రూటర్‌ను రీస్టార్ట్ చేయండి.

మారువేషంలో వచ్చే మ్యాక్ అడ్రస్‌లు

రిజర్వేషన్ మొత్తం మ్యాక్ అడ్రస్ మీదే నిలబడి ఉంది. కానీ కొన్నేళ్లుగా ఫోన్లు తమ అసలు మ్యాక్‌ను దాచి, కల్పించుకున్న అడ్రస్‌ను చూపిస్తున్నాయి. బయట వైఫైలలో మన కదలికలను ఎవరూ గమనించకుండా ఉండటానికి ఇది మంచి ఏర్పాటే. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఇది దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. విండోస్‌లోనూ 'ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్' పేరుతో ఉంది, మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది.

ఒక అడ్రస్ కల్పితమో కాదో కనిపెట్టడానికి చిన్న చిట్కా ఉంది. మొదటి జతలో రెండో స్థానంలో 2, 6, ఏ, ఈ అనే నాలుగింట్లో ఏదైనా ఉంటే అది తయారీదారు ఇచ్చింది కాదు, సాఫ్ట్‌వేర్ సృష్టించింది. అలాంటి పరికరానికి అడ్రస్ ఖాయం చేయాలనుకుంటే, మీ ఇంటి వైఫై వరకు ఆ సదుపాయాన్ని ఆపేయండి. ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కితే 'ప్రైవేట్ అడ్రస్' లేదా 'ప్రైవసీ' అనే చోట ఆ ఆప్షన్ కనబడుతుంది. మిగతా వైఫైలలో అలాగే ఉండనివ్వండి.

రెండో దారి: పరికరంలోనే రాయడం

రూటర్‌లో రిజర్వేషన్ సదుపాయమే లేకపోతే, లేదా రూటర్ పాస్‌వర్డ్ మీ చేతిలో లేకపోతే ఇదే దారి. డీహెచ్‌సీపీ మీద ఆధారపడకూడని పరికరాలకు కూడా ఇదే సరైనది. ఇంటి మొత్తానికీ డీఎన్ఎస్ సేవ (వెబ్‌సైట్ పేర్లను అడ్రస్‌లుగా మార్చేది) అందించే చిన్న సర్వర్ అలాంటిదే. రాయాల్సినవి నాలుగు: అడ్రస్, మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్. డీఎన్ఎస్ దగ్గర రూటర్ అడ్రస్సే పెట్టొచ్చు, లేదా 1.1.1.1, 8.8.8.8 లాంటి పబ్లిక్ సర్వర్లు వాడొచ్చు.

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్'లో ఈథర్‌నెట్ పేజీకి వెళ్లండి. వైఫై అయితే మీరు కలిసిన వైఫై ప్రాపర్టీస్‌కు వెళ్లండి. 'ఐపీ అసైన్‌మెంట్' పక్కన 'ఎడిట్' నొక్కి, 'మాన్యువల్' ఎంచుకుని, ఐపీవీ4 ఆన్ చేసి వివరాలు నింపండి. విండోస్ 10లో ఇదే పేజీ మాస్క్ బదులు 'సబ్‌నెట్ ప్రిఫిక్స్ లెంగ్త్' అడుగుతుంది. అక్కడ 255.255.255.0 రాస్తే సేవ్ కాదు, 24 అని రాయాలి. రెండూ ఒకటే, రాసే తీరు వేరు.

మ్యాక్ కంప్యూటర్‌లో నెట్‌వర్క్ డీటెయిల్స్‌లోని టీసీపీ/ఐపీ పేజీలో 'కాన్ఫిగర్ ఐపీవీ4' దగ్గర చూస్తే 'మాన్యువల్లీ'తో పాటు 'యూజింగ్ డీహెచ్‌సీపీ విత్ మాన్యువల్ అడ్రస్' అని ఇంకోటి ఉంటుంది. అందులో అడ్రస్ ఒక్కటే మీరు రాస్తారు, మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్ రూటర్ నుంచే వస్తాయి. నా ఓటు దానికే.

ఉబుంటు డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ పక్కనున్న గేర్ గుర్తు నొక్కి, ఐపీవీ4 ట్యాబ్‌లో 'మాన్యువల్' ఎంచుకోవాలి. డెస్క్‌టాప్ లేని ఉబుంటు సర్వర్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఉండే నెట్‌ప్లాన్ ఫైల్ మార్చాలి. మార్చాక 'నెట్‌ప్లాన్ అప్లై' బదులు 'నెట్‌ప్లాన్ ట్రై' (netplan try) వాడండి. రెండు నిమిషాల్లోగా మీరు ఎంటర్ కొట్టి ఖాయం చేయకపోతే పాత సెట్టింగ్స్ వాటంతట అవే తిరిగొస్తాయి. దూరం నుంచి పనిచేస్తున్నప్పుడు అదో పెద్ద ధైర్యం.

రాస్‌బెర్రీ పై వాడేవాళ్లు పాత పాఠాలు చూసి డీహెచ్‌సీపీసీడీ ఫైల్‌లో మార్పులు చేస్తుంటారు. 2023లో వచ్చిన బుక్‌వార్మ్ వెర్షన్ నుంచి ఆ పని నెట్‌వర్క్ మేనేజర్ చేతికి వచ్చింది. ఆ ఫైల్‌లో ఎంత రాసినా ఇప్పుడు పట్టించుకునేవాళ్లు లేరు. డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ గుర్తు నుంచి గానీ, టెర్మినల్‌లో 'ఎన్ఎంటీయూఐ' (nmtui) కమాండ్‌తో గానీ మార్చుకోండి.

ఎక్కడికైనా మోసుకెళ్లే ల్యాప్‌టాప్‌లో మాత్రం ఈ పద్ధతి జోలికి పోకండి. ముఖ్యంగా విండోస్‌లో పాత కంట్రోల్ ప్యానెల్ ద్వారా అడాప్టర్‌కు అడ్రస్ రాస్తే, అది మీరు కలిసే ప్రతి వైఫైకీ వర్తిస్తుంది. ఇంట్లో బాగానే ఉండి బయటికెళ్తే ఇంటర్నెట్ రాని ల్యాప్‌టాప్‌లలో ఇదొక మామూలు కారణం.

అడ్రస్ ఖాళీగా ఉందో లేదో చూడటం

చేత్తో రాసే ముందు ఆ అడ్రస్‌ను పింగ్ చేసి, అంటే 'ఉన్నావా' అని చిన్న సందేశం పంపి చూడమంటారు. మంచిదే కానీ, జవాబు రానంత మాత్రాన ఖాళీ అని కాదు. విండోస్ ఫైర్‌వాల్ చాలాసార్లు పింగ్‌కు జవాబు వెళ్లనివ్వదు. అందుకే పింగ్ చేసిన వెంటనే 'ఏఆర్‌పీ -ఏ' (arp -a) కమాండ్ ఇవ్వండి. అదే నెట్‌వర్క్‌లో ఆ అడ్రస్‌తో ఎవరైనా ఉంటే, పింగ్‌కు పలకకపోయినా వాళ్ల మ్యాక్ అడ్రస్ ఈ జాబితాలో కనబడుతుంది. ఆఫ్‌లో ఉన్న పరికరాన్ని మాత్రం ఏ కమాండూ పట్టుకోలేదు. దానికి మీరు రాసుకున్న జాబితాయే దిక్కు.

పని చెడితే ఎక్కడ చూడాలి?

అడ్రస్ 169.254తో మొదలైతే ఆ పరికరానికి డీహెచ్‌సీపీ నుంచి జవాబే రాలేదని అర్థం. ఎవరూ ఇవ్వకపోయేసరికి తనకు తానే పెట్టుకున్న అడ్రస్ అది. కేబుల్, వైఫై పాస్‌వర్డ్, రూటర్‌లో డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉందా లేదా, ఈ వరసలో చూడండి.

ఇంట్లో పరికరాలన్నీ కనబడుతూ ఇంటర్నెట్ మాత్రం రాకపోతే గేట్‌వే తప్పు రాశారేమో చూడండి. 8.8.8.8కు పింగ్ వెళ్తూ వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే తప్పు డీఎన్ఎస్‌లో ఉంది.

కనెక్షన్ వస్తూ పోతూ ఉంటే, అదీ ఇంకో పరికరం ఆన్ చేసినప్పుడే జరుగుతుంటే, రెండింటికీ ఒకే అడ్రస్ ఉందన్నమాట. చేత్తో రాసినదాన్ని మార్చండి.

ఇక అన్నిటికన్నా విసిగించేది రెండు రూటర్ల సమస్య. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టె ఒకటి, మీరు కొన్న రూటర్ ఒకటి, రెండూ డీహెచ్‌సీపీ నడుపుతుంటాయి. దాంతో ప్రింటర్ ఒక నెట్‌వర్క్‌లో, ల్యాప్‌టాప్ ఇంకో నెట్‌వర్క్‌లో చేరతాయి. ఒకటి 192.168.0తో, ఇంకోటి 192.168.1తో మొదలైతే ఇదే జరుగుతోందని గుర్తు. మీ రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై మాత్రమే ఇచ్చి అడ్రస్‌లు పంచని తీరు) పెట్టండి, లేదా కంపెనీ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో (కనెక్షన్‌ను మీ రూటర్‌కు దాటించడమే తప్ప అడ్రస్‌లు పంచని తీరు) పెట్టించండి. అడ్రస్‌లు పంచేది ఇంట్లో ఒక్కరే ఉండాలి.

బయటి నుంచి చేరాలంటే?

ఇంతవరకు చేసిందంతా ఇంటి లోపలి సంగతి. ఇంటర్నెట్‌కు కనబడే మీ పబ్లిక్ అడ్రస్‌తో దీనికి సంబంధం లేదు, అది కంపెనీ ఇష్టం. బయటి నుంచి కెమెరా చూడాలంటే లోపలి అడ్రస్ ఖాయం చేయడం మొదటి మెట్టు, ఆపైన పోర్ట్ ఫార్వర్డింగ్, డైనమిక్ డీఎన్ఎస్ (మారే పబ్లిక్ అడ్రస్‌కు మారని పేరు ఇచ్చే సేవ) కావాలి. అయితే రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ అడ్రస్ (రూటర్‌కు ఇంటర్నెట్ వైపు ఉండే అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే మీకు సొంత పబ్లిక్ అడ్రస్సే లేదు, ఎంతోమంది వినియోగదారులతో కలిసి ఒకటి పంచుకుంటున్నారు. అప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయదు. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్ట్‌నైతే ఎలాగూ ఇంటర్నెట్‌కు తెరవకండి. ఇంటికి వీపీఎన్ పెట్టుకుని దాని ద్వారా రావడమే క్షేమం.

రూటర్ మార్చేటప్పుడు

రిజర్వేషన్లన్నీ రూటర్ లోపలే ఉంటాయి. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే పోతాయి. అందుకే పని పూర్తవగానే సిస్టమ్ మెనూలో 'బ్యాకప్' నొక్కి సెట్టింగ్స్ ఫైల్‌ను దాచుకోండి. అది సాధారణంగా వేరే మోడల్ రూటర్‌లో పనిచేయదు కాబట్టి, పరికరం పేరు, మ్యాక్, అడ్రస్ ఉన్న జాబితా విడిగా ఉండాలి. కొత్త రూటర్ వచ్చినప్పుడు ముందు దానికి పాత రూటర్ అడ్రస్‌నే ఇచ్చి, పూల్ కూడా అదే పెట్టి, రిజర్వేషన్లు నమోదు చేయండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ కూడా పాతవే ఉంచి, ఆ తర్వాతే పాతదాన్ని తీసి కొత్తది కలపండి. ప్రింటర్‌కు గానీ కెమెరాలకు గానీ రూటర్ మారిన సంగతి కూడా తెలియదు.